పడవ ఇంజన్లతో పాటు తగిన ప్రొపెల్లర్లు కూడా ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

నాగార్జునసాగర్ వెనుక జలాల్లో, సోమశిల దగ్గర శ్రీశైలం జలాశయంలో పుట్టీలతో పాటు ఇప్పుడు వెనుక పలకకు తగిలించే ఇంజన్ల పడవలు కూడా తిరుగుతున్నాయి. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో సాధారణ వర్గాల వారికి 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళా లబ్ధిదారులకు 60 శాతం వరకు రాయితీ ఉండటంతో, పడవ కొనాలన్న ఆలోచన చేస్తున్న మత్స్యకార కుటుంబాలు మన జిల్లాల్లో చాలా ఉన్నాయి. హిల్ కాలనీలో పడవ ఇంజన్లు బాగుచేసి బతికేవాడిగా నేను ఈ ఉత్తరం రాస్తున్నది ఒకే విషయం మీద. ఇంజన్ ఎన్ని హెచ్‌పీలదన్న దాని మీద పెట్టే శ్రద్ధలో పదో వంతు కూడా, దాని కింద తిరుగుతూ నీటిని నెట్టి పడవను నడిపే రెక్కల చక్రం, అంటే ప్రొపెల్లర్ మీద గానీ, ఇంజన్‌ను పలకకు ఏ ఎత్తులో బిగించామన్న దాని మీద గానీ ఎవరూ పెట్టడం లేదు. లీటరు పెట్రోలు వంద రూపాయలు దాటిన రోజుల్లో ఈ నిర్లక్ష్యం ఖరీదు నేరుగా వేటగాడి జేబు మీద పడుతోంది.

నా దగ్గరకు వచ్చే ఫిర్యాదు దాదాపు ప్రతిసారీ ఒకటే. ఖాళీ పడవ బాగానే పోతుంది, వలలు, ఐసు పెట్టెలు, నలుగురు మనుషులు ఎక్కితే మాత్రం ముందుకు కదలదు, పెట్రోలు తాగేస్తుంది, కాబట్టి ఇంజన్‌లో దమ్ము లేదు, పెద్దది కావాలి. ఇంజన్ విప్పి చూస్తే పిస్టన్, రింగులు, కార్బురేటర్ అన్నీ సవ్యంగానే ఉంటాయి. తప్పు ఉన్నది కిందనే. డబ్బాలో ఇంజన్‌తో పాటు వచ్చిన ప్రొపెల్లర్‌ను అలాగే బిగించి పంపించేస్తారు. ఆ ప్రొపెల్లర్ సాధారణంగా తేలికపాటి పడవను, ఇద్దరు ముగ్గురు మనుషులను దృష్టిలో పెట్టుకుని ఎంచినది. మన వేట పడవ మోసే బరువుతో దానికి పొంతన కుదరదు.

ప్రొపెల్లర్ బొడ్డు మీద గానీ రెక్క మొదట్లో గానీ రెండు అంకెలు అచ్చు పోసి ఉంటాయి. మొదటిది రెక్కల కొసలు గీసే వృత్తం వ్యాసం, రెండోది పిచ్. రెండూ అంగుళాల్లోనే ఉంటాయి. పిచ్ 10 అంటే, జారుడే (నీటిలో పట్టు తప్పడం) లేకపోతే, ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరిగినప్పుడు నీటిలో 10 అంగుళాలు ముందుకు పోతుందని అర్థం. 9.9, 15 హెచ్‌పీ తరగతి ఇంజన్లకు ఏడెనిమిది అంగుళాల నుంచి పన్నెండు దాకా రకరకాల పిచ్‌లలో ప్రొపెల్లర్లు దొరుకుతాయి. అయినా ఈ అంకెను చదివి కొన్న పడవ యజమానులు నాకు తారసపడటం అరుదు.

ప్రతి ఇంజన్‌కూ, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినప్పుడు అది నిమిషానికి ఎన్ని చుట్లు తిరగాలో తయారీదారు పుస్తకంలో రాసి ఉంటుంది. చిన్న ఇంజన్లలో చాలా వాటికి అది 4,500 నుంచి 5,500 మధ్య, మరికొన్నింటికి 5,000 నుంచి 6,000 మధ్య ఉంటుంది. నిండు బరువుతో, పూర్తి యాక్సిలరేటర్ మీద ఇంజన్ ఈ పరిధిలోకి రావడమే ప్రొపెల్లర్ సరైనదనడానికి గుర్తు. పిచ్ ఎక్కువైతే ఇంజన్ ఆ పరిధిని అందుకోలేదు. నిండు లోడు ట్రాక్టరును టాప్ గేరులో గట్టు ఎక్కించినట్టు మూలుగుతూ లాగుతుంది, సిలిండర్‌లో వేడి, ఒత్తిడి పెరుగుతాయి, మసి పేరుకుంటుంది, అలాగే నెలల తరబడి నడిపితే పిస్టన్ దెబ్బతింటుంది. పిచ్ మరీ తక్కువైతే ఇంజన్ పరిధి దాటి ఊరికే అరుస్తుంది, చుట్లు ఎక్కువ, ప్రయాణం తక్కువ, కనెక్టింగ్ రాడ్డు, బేరింగులు తొందరగా అరుగుతాయి. మన జలాశయాల్లో నేను చూసేది ఎక్కువగా మొదటి జబ్బే.

పిచ్ ఒక అంగుళం తగ్గితే ఇంజన్ వేగం నిమిషానికి సుమారు 150 నుంచి 200 చుట్లు పెరుగుతుందన్నది ఈ పనిలో అందరూ వాడే లెక్క. ఉదాహరణకు 4,500 నుంచి 5,500 పరిధి ఉన్న ఇంజన్ నిండు బరువుతో 4,200 దగ్గరే ఆగిపోతుంటే, పిచ్ 10 తీసి 8 వేస్తే అది 4,500 నుంచి 4,600 దాకా చేరుతుంది. ఇంకా బరువెక్కే పడవైతే 7 వేయాల్సి వస్తుంది. దీన్ని కొలవడానికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. స్పార్క్ ప్లగ్ తీగకు చుట్టి వాడుకునే, నిమిషానికి ఎన్ని చుట్లో చూపించే చిన్న ఆర్‌పీఎం మీటరు చాలు. ఒక సంఘానికి ఒక్కటి ఉంటే అన్ని పడవలనూ పరీక్షించుకోవచ్చు. అయితే పరీక్ష ఖాళీ పడవతో చేయకూడదు. వేటకు పోయే రోజు ఎంత బరువు ఉంటుందో అంత బరువూ పెట్టి, పెట్రోలు ట్యాంకు నింపి, గాలి తక్కువగా ఉన్న పొద్దుటి పూట, చుట్టూ వలలు లేని లోతైన నీటిలో చేయాలి. అందరూ లైఫ్ జాకెట్లు వేసుకోవాలి, ఇంజన్ ఆపే తాడు నడిపేవాడి మణికట్టుకు ఉండాలి. ఈ రెండూ లేకుండా పూర్తి యాక్సిలరేటర్ పరీక్ష చేయమని నేనెవరికీ చెప్పను.

ప్రొపెల్లర్ నీటిని ఎంత బాగా పట్టుకుంటోందో కూడా ఎవరైనా లెక్క వేసుకోవచ్చు. ఇంజన్ 5,000 చుట్లు తిరుగుతోంది, గేర్ నిష్పత్తి రెండుకు ఒకటి అనుకుందాం. అప్పుడు ప్రొపెల్లర్ నిమిషానికి 2,500 చుట్లు తిరుగుతుంది. పిచ్ 10 అయితే నిమిషానికి 25,000 అంగుళాలు, అంటే 635 మీటర్లు, గంటకు 38 కిలోమీటర్లు పోవాలి. సెల్‌ఫోన్‌లోని జీపీఎస్ 30 కిలోమీటర్లు చూపిస్తే మిగతా ఇరవై శాతం పైచిలుకు జారుడు కింద పోయినట్టు. తేలికైన, నీటిపై లేచి పరుగెత్తే పడవకు ఈ జారుడు పది, పదిహేను శాతం మధ్య ఉంటే బాగున్నట్టు. బరువు మోసే నిదానపు పడవకు అంతకంటే చాలా ఎక్కువే ఉంటుంది, దానికి కంగారు పడనక్కర్లేదు. కానీ ఒకే పడవకు, ఒకే బరువుతో, జారుడు అకస్మాత్తుగా పెరిగితే మాత్రం రెక్కలు వంగాయా, ఇంజన్ ఎత్తు మారిందా, ప్రొపెల్లర్ లోపలి రబ్బరు బొడ్డు జారుతోందా అని వెతకాలి. రబ్బరు సంగతి తేల్చడానికి సులువైన మార్గం ఉంది. బొడ్డు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ కలిపి ఒక గీతను పెయింటుతో గీసి, కొంత దూరం నడిపి, ఒడ్డుకు వచ్చి చూడాలి. గీత రెండు ముక్కలై పక్కకు తప్పుకుంటే రబ్బరు పోయినట్టే. ఈ ఒక్క గీత గీయక గేర్ బాక్సు మొత్తం విప్పించుకున్నవారు ఉన్నారు.

పెద్ద ఇంజన్ కావాలనే వారికి ఇంకో మాట చెప్పాలి. బరువుతో నీటిలోకి దిగబడి నడిచే పడవకు దాని పొడవును బట్టి ఒక వేగపు హద్దు ఉంటుంది. నీటిని తాకే పొడవు 25 అడుగులైతే ఆ హద్దు సుమారు 6.7 నాట్లు, అంటే గంటకు పన్నెండున్నర కిలోమీటర్ల లోపే. ఆ వేగం దగ్గర పడవ తాను లేపిన అలల మధ్యే చిక్కుకుంటుంది. అక్కడి నుంచి ఎన్ని హెచ్‌పీలు కలిపినా పెరిగేది పెట్రోలు ఖర్చే, వేగం పెద్దగా పెరగదు. అలాంటి పడవకు కావలసినది తక్కువ పిచ్, ఇంజన్ అనుమతించినంత పెద్ద వ్యాసం, వీలైతే నాలుగు రెక్కల ప్రొపెల్లర్. నాలుగు రెక్కలది గరిష్ఠ వేగంలో కొంచెం తగ్గినా బరువును బాగా పట్టుకుంటుంది, అదురు తక్కువ, ఒడ్డుకు చేరేటప్పుడు వెనక్కు లాగడంలోనూ మేలు.

ఇక ఎత్తు సంగతి. నిజానికి పడవలన్నీ ఎక్కువగా నష్టపోతున్నది ఇక్కడే అని నా అభిప్రాయం, ఎందుకంటే ప్రొపెల్లర్ తప్పైతే కనీసం ఇంజన్ శబ్దంలో తెలుస్తుంది, ఎత్తు తప్పైతే చాలాకాలం తెలియదు. ఇంజన్ తల నుంచి ప్రొపెల్లర్ దాకా కిందికి దిగే భాగాన్ని కాడ అంటాం. ఇంజన్లు పొట్టి కాడ, పొడుగు కాడ అని ప్రధానంగా రెండు కొలతల్లో వస్తాయి. పొట్టిది సుమారు 15 అంగుళాల పలకకు, పొడుగుది సుమారు 20 అంగుళాల పలకకు. మన దగ్గర పడవలు కట్టేవారు ఈ కొలతలు చూసి కట్టరు. పలక 17 అంగుళాలో, 18 అంగుళాలో వచ్చేస్తుంది. దానికి పొట్టి కాడ తగిలిస్తే ప్రొపెల్లర్ పైకి ఉండిపోతుంది, పొడుగు కాడ తగిలిస్తే బాగా కిందికి వేలాడుతుంది. ఇంజన్ కొనకముందు, ఇంజన్ కూర్చునే చోట పలక పై అంచు నుంచి పడవ అడుగు వరకు నిటారుగా టేపు పెట్టి కొలవడం ఒక నిమిషం పని.

బిగించిన తర్వాత చూడవలసింది ప్రొపెల్లర్‌కు సరిగ్గా పైన, కాడకు అడ్డంగా ఉండే రేకు. మెకానిక్కులు దాన్ని కావిటేషన్ ప్లేటు అంటారు. పడవను ఒడ్డున దిమ్మెల మీద పెట్టి, వంకర లేని పొడవాటి రీపరును పడవ అడుగుకు, మధ్య గీత వెంట ఆనించి వెనక్కు జరిపితే అది ఇంజన్ దాకా వస్తుంది. ఇంజన్ నిటారుగా దింపి ఉండాలి. ఆ ప్లేటు రీపరుతో సమానంగా గానీ, పైన ఒక అంగుళం లోపు గానీ ఉంటే మొదలుపెట్టడానికి అది మంచి ఎత్తు. రెండు మూడు అంగుళాలు కింద ఉంటే ఆ కాడంతా నీటిని చీల్చుకుంటూ ఈడ్చుకుపోతోందని అర్థం. పడవ వేగం తగ్గుతుంది, నీరు వెనుక పలక మీదికి చిమ్ముతుంది, రాయి తగిలే అవకాశం పెరుగుతుంది. పైకి ఉంటే వేరే కష్టం. మలుపు తిప్పినప్పుడో, అల వెనుక భాగాన్ని లేపినప్పుడో ప్రొపెల్లర్ ఉపరితలం నుంచి గాలిని లాక్కుంటుంది, ఇంజన్ ఒక్కసారిగా అరుస్తుంది, వెనుక నురగ లేస్తుంది, పడవ తోపు ఆగిపోతుంది. అప్పుడు యాక్సిలరేటర్ తగ్గించి ప్రొపెల్లర్‌కు మళ్లీ నీటి పట్టు దొరికేదాకా ఆగాలే తప్ప ఇంకా తిప్పకూడదు.

దీనికంటే ముఖ్యమైనది ఇంజన్‌ను చల్లబరిచే నీరు. ఆ నీరు లోపలికి పోయే రంధ్రాలు కావిటేషన్ ప్లేటుకు కొద్దిగా కింద, గేర్ బాక్సు పక్కల ఉంటాయి. ఇంజన్‌ను మరీ పైకి బిగిస్తే అవి నీటితో పాటు గాలిని పీల్చుతాయి. ఇంజన్ వెనుక నుంచి సన్నని ధారగా బయటపడే నీరే దానికి సాక్షి. ఆ ధార సన్నబడినా, తుంపులు తుంపులుగా పడినా, ఎంత వేగం వచ్చినా ఆ ఎత్తు పనికిరాదు. అందుకే ఎత్తు మార్చేటప్పుడు అర అంగుళం, ముప్పావు అంగుళం చొప్పున మాత్రమే, పలకకూ బ్రాకెట్‌కూ మధ్య గట్టి చెక్క దిమ్మె పెట్టి లేపి, ప్రతిసారీ నిండు బరువుతో నడిపి, మలుపు తిప్పి, నీటి ధార చూసి, వేగం రాసుకోవాలి. వేగం కొంచెం పెరిగి, మలుపులో గాలి పట్టకుండా, ధార బలంగా ఉన్నంతవరకు పైకి పోవచ్చు. గాలి పట్టడం మొదలైన చోటు నుంచి ఒక మెట్టు కిందికి దిగాలి. ఎత్తు పెరిగితే ఈడ్పు తగ్గి ఇంజన్ చుట్లు కొద్దిగా పెరుగుతాయి కాబట్టి, ముందు ఎత్తు తేల్చుకుని ఆ తర్వాతే ప్రొపెల్లర్ పిచ్ నిర్ణయించాలి. ఈ వరుస తలకిందులైతే ఒకే పని రెండుసార్లు చేయాల్సి వస్తుంది. నిదానంగా నడిచే బరువు పడవలకు మాత్రం ఎత్తు పెంచి వేగం సాధించాలన్న ఆశ వద్దు. ప్లేటును పడవ అడుగుతో సమానంగా పెట్టుకుని వదిలేయడమే మేలు. బిగించే మరలు రెండూ గట్టిగా తిప్పి, ఇంజన్‌కు గొలుసు వేసి పడవకు కట్టాలని వేరే చెప్పనక్కర్లేదు, అయినా కట్టనివారే ఎక్కువ.

మన జలాశయాలకు సొంత లక్షణాలు కొన్ని ఉన్నాయి. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు, కనీస మట్టం 510 అడుగులు. వర్షాకాలంలో లోతైన నీరున్న చోటే వేసవిలో బండలు, పాత చెట్ల మోళ్లు పడవ అడుగుకు అందేంత పైకి వస్తాయి. అందుకే స్టీలు ప్రొపెల్లర్ గట్టిదని ఎవరు చెప్పినా మన వేట పడవలకు నేను అల్యూమినియమే చెబుతాను. రాయి తగిలితే అల్యూమినియం రెక్క వంగుతుంది, విరుగుతుంది, ఆ దెబ్బను చాలావరకు తానే మింగుతుంది. స్టీలు రెక్క వంగకపోవచ్చు గానీ ఆ దెబ్బ గేర్లకూ షాఫ్టుకూ చేరుతుంది, అక్కడ మరమ్మతు ఖర్చు ప్రొపెల్లర్ ధరకు ఎన్నో రెట్లు. పడవలో ఒక అదనపు ప్రొపెల్లర్, దాని నట్టు, పిన్ను, పానా ఉంచుకోవడం ఇక్కడ విలాసమేమీ కాదు.

నైలాన్ వలదారం ఇంకో శత్రువు. తెగిన దారం ప్రొపెల్లర్ వెనుక షాఫ్టుకు చుట్టుకుని, తిరిగే కొద్దీ బిగుసుకుంటూ ఆయిల్ సీలును కోసేస్తుంది. నీరు గేర్ బాక్సులోకి దిగుతుంది. గేర్ ఆయిల్ మరను విప్పినప్పుడు పాలలాంటి తెల్లని ఆయిల్ వస్తే నీరు చేరినట్టే. నెలకొకసారి ప్రొపెల్లర్ ఊడదీసి, దారం తీసేసి, షాఫ్టు పళ్లకు గ్రీజు రాసి మళ్లీ వేసుకుంటే ఈ గొడవ ఉండదు. మూసీ వైపు నీళ్లలో, చెరువుల్లో గుర్రపుడెక్క ఉన్నచోట రెక్కలకూ, చల్లబరిచే నీటి రంధ్రాలకూ దాని ఆకులు, వేళ్లు పట్టుకుంటాయి. అక్కడ ధారను గమనించడం ఇంకా అవసరం.

ఎండాకాలాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. 20 డిగ్రీల గాలితో పోలిస్తే 42 డిగ్రీల గాలి సుమారు 7 శాతం పలచగా ఉంటుంది, ఇంజన్ బలం కూడా దాదాపు ఆ మేరకు తగ్గుతుంది. డిసెంబరు పొద్దున సరిగ్గా పరిధి అంచున తిరిగిన ఇంజన్ మే నెల మధ్యాహ్నం పరిధికి కిందికి పడిపోతుంది. కాబట్టి పరిధిలోని కింది అంకె దగ్గర కాకుండా, మధ్య అంకెకు పైన ఉండేటట్టు ప్రొపెల్లర్‌ను ఎంచుకోవాలి.

ఇది వేట పడవలకే పరిమితమైన విషయం కాదు. 2009 అక్టోబరులో కృష్ణా, తుంగభద్రలు పొంగినప్పుడు అలంపూర్ ప్రాంతం ఎలా మునిగిందో పాలమూరు వారికి గుర్తుండే ఉంటుంది. వరదలో సహాయక పడవ పోయేటప్పుడు తేలికగా పోతుంది, వచ్చేటప్పుడు నిండుగా వస్తుంది, అదీ ఎదురు ప్రవాహంలో. పోయేటప్పటి వేగం చూసి ఎంచిన ప్రొపెల్లర్ వచ్చేటప్పుడు మోసం చేస్తుంది. అక్కడ పోయేది పెట్రోలు మాత్రమే కాదు. సహాయక పడవలకు ప్రొపెల్లర్ ఎప్పుడూ నిండు మనుషుల బరువుకే ఎంచాలి, ఖాళీగా పోయేటప్పుడు ఇంజన్ పరిధి దాటకుండా నడిపేవాడే యాక్సిలరేటర్ తగ్గించుకోవాలి.

మత్స్యశాఖ వారిని, సహకార సంఘాల పెద్దలను, పడవలు నడిపే ఇతర శాఖల వారిని మీ పత్రిక ద్వారా కోరుతున్నవి ఇవి. రాయితీ మీద ఇంజన్ ఇచ్చేటప్పుడు పడవ పలక కొలత ముందే తీసుకుని దానికి తగిన కాడ పొడవే ఇప్పించాలి. ఇంజన్‌తో పాటు వచ్చే ప్రొపెల్లర్ కాకుండా, దానికంటే రెండు అంగుళాలు తక్కువ పిచ్ ఉన్న రెండో ప్రొపెల్లర్‌ను కూడా సరఫరా షరతుల్లో చేర్చాలి. రెండు ప్రొపెల్లర్లు ఉంటే ఒకటి విరిగిన రోజున కూడా వేట ఆగదు. సరఫరా చేసినవారి బిల్లు చెల్లించే ముందు, లబ్ధిదారుడి ఎదుట, నిండు బరువుతో నీటి మీద పరీక్ష జరిపి, ప్రొపెల్లర్ అంకెలు, ప్లేటు ఎత్తు, పూర్తి యాక్సిలరేటర్ మీద ఇంజన్ చుట్లు, జీపీఎస్ వేగం ఒక కాగితం మీద రాసి ఇద్దరి సంతకాలతో ఇవ్వాలి. ఆ కాగితం ఉంటే తర్వాత మరమ్మతుకు వచ్చినప్పుడు నాలాంటి మెకానిక్‌కు ఏది మారిందో వెంటనే తెలుస్తుంది, మత్స్యకారుడికి అనవసరపు మరమ్మతు తప్పుతుంది. ప్రతి సంఘానికీ ఒక ఆర్‌పీఎం మీటరు ఇచ్చి, దాన్ని వాడటం ఇద్దరు యువకులకైనా నేర్పాలి. ఆ నేర్పే పనికి నన్ను పిలిస్తే, సాగర్ ఒడ్డున ఏ ఊరికైనా నా పనిముట్లతో సొంత ఖర్చు మీద వస్తాను.

ఇట్లు,
ఒక పడవ ఇంజన్ మెకానిక్,
హిల్ కాలనీ, నాగార్జునసాగర్,
నల్లగొండ జిల్లా.